మూసాపేటలో పడవ ఇల్లు

మొన్న ఆదివారం పొద్దున మదీనాగూడ నుంచి సరోజక్క వచ్చింది. మా పుప్పాలగూడ అపార్ట్‌మెంట్ లిఫ్టులోంచి అడుగు బయటపెడుతూనే ట్రాఫిక్కును అందుకుంది. "ఏం తొవ్వనే పద్మా గిది! జర ముందుకు పోవుడు, జర ఆగుడు. మా బర్రెలు గూడ ఇంతకన్న జల్ది ఇల్లు చేరుతుండె" అంటూ సోఫాలో కూలబడి, మంచినీళ్ళు తాగి, చేతిసంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిన ఫొటో ఒకటి తీసింది. ఇల్లు సర్దుతుంటే అటక మీద దొరికిందట. ఆమె పెళ్ళి ఫొటో. నలుపు తెలుపు కాస్తా వయసు మీదపడి టీ రంగుకు తిరిగింది. మధ్యలో తలొంచుకున్న సరోజక్క, పక్కన నవ్వాపుకుంటున్న పెళ్ళికొడుకు, వాళ్ళిద్దరి వెనక సరిగ్గా నడిమధ్యన పెళ్ళికొడుకు పెదనాయన. ఆయన నెత్తిమీద గంపంత రుమాలు తలపాగా. ఆ రుమాలులోంచి నిటారుగా ఒక కర్ర లేచి, దాని చివర చిన్న జెండా ఎగురుతోంది.

సెలవురోజు గనుక ఆలస్యంగా లేచిన మా అమ్మాయి కాఫీ కప్పుతో వచ్చి ఫొటోలోకి తొంగిచూసింది. "అమ్మా, ఈ తాతగారి తలలోంచి యాంటెన్నా వచ్చిందేంటి?" అంది. సరోజక్కకు నవ్వు ఆపుకోలేక పొలమారింది. నేను కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాను. అది యాంటెన్నా కాదు, తెరచాప కొయ్య. ఆ రుమాలు వెనక, ఆ పెళ్ళివాళ్ళందరి వెనక, గోడ నిండా ఒక పడవ ఉంది. దాన్ని గీసింది మా నాన్న. ఒకప్పుడు మూసాపేటలో దాన్ని చూడని మనిషి లేడు. ఇప్పుడు దానికి మిగిలిన సాక్ష్యం పెదనాయన నెత్తిమీద మొలిచిన ఆ కర్రముక్క ఒక్కటే.

మా నాన్న పుట్టిపెరిగింది కోరంగి దగ్గర, గోదావరి సముద్రాన్ని చేరే చోట. తాతయ్య తెరచాప పడవలు కట్టే వడ్రంగి. ఆ ఇంటి పిల్లలకు అక్షరాలకంటే ముందు పడవ చెక్కల వంపులు తెలిసేవట. రోడ్లు బాగుపడి సరుకంతా లారీలకెక్కాక కొత్త పడవ కట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. చేతిలో పని ఉండీ చేయించుకునేవాళ్ళు లేక నాన్న హైదరాబాదు వచ్చి, సనత్‌నగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో చేరారు. ఇనుము కరిగించి పోతపోయడానికి ముందు ప్రతి వస్తువుకూ కర్రతో అచ్చు చేయాలి. ఆ అచ్చులు చేయడం ఆయన పని. పడవలు చెక్కిన ఉలితోనే నీళ్ళ పంపుల అచ్చులు చెక్కేవారు. ఉండటానికి మూసాపేటలో బాలమణత్త ఇంట్లో రెండు గదులు కిరాయికి దొరికాయి.

బాలమణత్త మాకు చుట్టం కాదు, ఇంటావిడ. మొదటిరోజే నాన్నను "తమ్మీ" అంది గనుక నాకు అత్త అయింది. ఆ వరసన ఆమె ఒక్కగానొక్క కూతురు సరోజ నాకు వదిన కావాలి. కానీ వదిన అంటే తనకు సిగ్గు, అందుకని అక్క దగ్గర స్థిరపడ్డాం. అత్త భర్త సరోజక్క చంటిపిల్లగా ఉన్నప్పుడే పోయాడట. నాలుగు బర్రెలు, ఇంటి చుట్టూ కాస్త జాగా, ఎవరినైనా నిలబెట్టి కడిగేసే నోరు, ఇవీ ఆమె ఆస్తులు. తెల్లవారీ తెల్లవారకముందే ఆ గొంతు లేచేది. ముందు బర్రెలను తిట్టేది, తర్వాత చేదను, తర్వాత సరోజక్కను, ఆఖరున మా వాటా వైపు తిరిగి "లక్ష్మీ, లేచినవా?" అని మా అమ్మను పలకరించేది. అప్పటికి పిడకల పొగ, జొన్నరొట్టె కాలే వాసన వాళ్ళ వైపు నుంచీ, ఎండు నెత్తళ్ళ చేపపులుసు వాసన మా వైపు నుంచీ బయల్దేరి నడవాలో కలిసేవి. మొదట్లో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న అత్త ఒకరోజు "జరంత పెట్టు, గంత గనం ఏమున్నదో చూస్త" అని గిన్నె చాపింది. ఆ తర్వాత రొట్టెలు వాళ్ళవి, నెత్తళ్ళు మావి అన్న ఒప్పందం ఎవరూ మాట్లాడుకోకుండానే అమల్లోకి వచ్చేసింది.

నాన్నకు ఒక అలవాటుండేది. ఎక్కడ పడవ బొమ్మ కనిపించినా అక్కడే ఆగిపోయేవారు. క్షవరం షాపులో క్యాలెండరు కానివ్వండి, బిస్కెట్ల డబ్బా మూత కానివ్వండి, ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసేవారు. "చూశావా పద్దూ, తెరచాపేమో ఇటు ఉబ్బింది, పైన జెండా ఏమో అటు ఎగురుతోంది. ఒకే పడవకి రెండు గాలులు ఎలా వీస్తాయే?" అని నిజంగానే బాధపడేవారు. ఒకసారి సగం గడ్డం మీద సబ్బు నురగతోనే కుర్చీలోంచి లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారట. ఆ సంగతి తెలిసి అమ్మ నెత్తి కొట్టుకుంది. సూర్యాస్తమయం బొమ్మలంటే ఆయనకు బొత్తిగా పడేది కాదు. అందరూ పడవను పొద్దుగూకేటప్పుడే గీస్తారేం, పగలంతా అది పడుకుంటుందనుకుంటారా అనేవారు. తెల్లటి తెరచాపను అసలు ఒప్పుకునేవారు కాదు. మా ఊళ్ళో తెరచాప గుడ్డ కుళ్ళిపోకుండా దాన్ని చెట్టుబెరడు ఉడికించిన నీళ్ళలో నానబెడతారు. అది ముదురు ఎరుపుకు తిరుగుతుంది. చిరిగినచోటల్లా అతుకు పడుతుంది. "అతుకు లేని తెరచాప ఉందంటే అది ఇంకా నీళ్ళు చూడలేదన్నమాట" అనేవారు. ఇంత మాట్లాడే మనిషి మూసాపేటకు వచ్చాక ఒక్క పడవనూ గీయలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అమ్మ మాత్రం "గీస్తే వెళ్ళిపోవాలనిపిస్తుందేమో" అంది ఒకసారి, బియ్యంలో రాళ్ళేరుతూ.

అలా ఉండగా సరోజక్కకు పటాన్‌చెరు అవతలి ఊరి నుంచి సంబంధం కుదిరింది. పెళ్ళి అత్త వాకిట్లోనే. గోడలకు సున్నం కొట్టడం అయిపోయింది. ఆ తడిసున్నం వాసన ఇప్పటికీ నాకు పెళ్ళివాసనే. కానీ తలుపుకు ఇరుపక్కలా ఏనుగులు, నెమళ్ళు గీయాల్సిన పెయింటరు మాత్రం రాలేదు. ఎన్నికలు వచ్చిపడ్డాయి. కుంచె పట్టగలిగిన ప్రతి చెయ్యీ గోడల మీద పార్టీ గుర్తులు వేయడానికి పోయింది. ఓట్లయ్యాక వస్తానని అతను కబురు పంపాడు. "ఓట్లయినంక నా బిడ్డ అత్తగారింట్ల ఉంటది. అప్పుడొచ్చి ఎవల పెండ్లికి గీస్తడు?" అని అత్త మండిపడి, అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి సైకిలుకు స్టాండు వేస్తున్న నాన్నను పట్టుకుంది.

"తమ్మీ, నువ్వు కట్టెల మీద గీతలు గీస్తవ్ గద. గోడ మీద రెండు ఏనుగులు గియ్యి."

"నాకు ఏనుగులు రావండి అక్కగారూ."

"ఏనుగులేమన్న వాటంతటవే వస్తయా? గీస్తె వస్తయి!"

నాన్న అప్పుడే వెళ్ళి గోడను జానలతో కొలుచుకున్నారు. ఆదివారం పొద్దున్నే జాజు, సున్నం, నీలిమందు, దీపం మసి వేరువేరు గిన్నెల్లో కలుపుకుని గోడ ముందు కూర్చున్నారు. గిన్నెలు అందించడం నా వంతు. పూటంతా కష్టపడి ఒక ఏనుగును నిలబెట్టారు. అత్త పాలచెంబుతో వచ్చి, అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూసింది. "తమ్మీ, గిది ఏనుగా? నా నల్ల బర్రెకు తొండం అంటించినవా?" అంది. పాకలోంచి నల్ల బర్రె కూడా అటే చూస్తోంది. నెమలి అంతకన్నా అన్యాయంగా, ఎవరో తరిమితే పారిపోతున్న కోడిలా వచ్చింది. నాన్న రెంటి మీదా సున్నం కొట్టేశారు. చాలాసేపు ఆ తెల్లగోడను చూస్తూ ఉండిపోయారు. తర్వాత నెమ్మదిగా, ఎవరినో అనుమతి అడిగినట్టు, "పడవ గీయనా అండి?" అన్నారు.

అత్త జన్మలో పడవ చూడలేదు. "గుండ్రంగ ఉంటది, వాగు దాటుతరు, గదేనా?" అంది. ఆమె చెబుతున్నది పుట్టి. నాన్న నవ్వి, బొగ్గుముక్క తీసుకుని గోడ ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క గీత లాగారు. భుజం నుంచి మొత్తం చెయ్యి కదిలింది. ఏనుగు దగ్గర వంద చోట్ల ఆగిన చెయ్యి ఇక్కడ ఒక్కచోటా ఆగలేదు. ఆ గీత కిందికి వంగి మళ్ళీ పైకి లేచేసరికి మేము నీళ్ళు చూశాం. గోడ మీద నీళ్ళు గీయలేదు, అయినా చూశాం. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. పడవకు ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్న వచ్చేటప్పటికి నాన్న బొగ్గు ఆపారు.

"అక్కగారూ, పడవ తలుపు వైపు వస్తున్నట్టు గీయనా, వీధి వైపు వెళ్తున్నట్టు గీయనా?"

లోపల సరోజక్క రోట్లో పసుపు దంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా మళ్ళీ తుడుచుకుంది. "బిడ్డ పోతున్నది గద..." అని ఆగి, "వస్తున్నట్టే గియ్యి తమ్మీ" అని గబగబా పాకలోకి వెళ్ళిపోయింది.

తెరచాపకు జాజు ఎరుపు అచ్చం సరిపోయింది. మా ఊరి తెరచాప రంగు తెలంగాణ ఇళ్ళ అరుగుల మీద ఇన్నాళ్ళూ ఉందని నాన్న ఎంత సంబరపడ్డారో! అతుకుల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. "కొత్త పెండ్లింటికి చినిగిన గుడ్డేంది? నా ఇజ్జత్ పోతది" అని అత్త పట్టుబట్టింది. నాన్న మూడు అతుకుల్లో రెండు చెరిపారు. మూడోదాని జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. అంతా అయ్యాక అమ్మ పక్కకు వచ్చి, "కొత్త పడవని నీళ్ళల్లోకి దింపేరోజు మావాళ్ళు పెళ్ళికూతుర్ని చేసినట్టే చేస్తారండి వదినగారూ. ముందు ముక్కుకి పసుపు రాసి బొట్టు పెడతారు" అని చెప్పింది. అత్త లోపలికి వెళ్ళి సరోజక్క దంచిన పసుపే గిన్నెలో తెచ్చింది. కూతుర్ని పిలిచి, "పెట్టు బిడ్డా" అంది. సరోజక్క గోడ మీది పడవ ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది.

పెళ్ళిరోజున పటాన్‌చెరు వైపు నుంచి లారీ నిండా పెళ్ళివారు దిగారు. డప్పులు మోగుతున్నాయి. పందిట్లోకి రాబోయిన పెళ్ళికొడుకు పెదనాయన గోడను చూసి నిలబడిపోయాడు. తండ్రి లేని పెళ్ళికొడుక్కు పెద్దదిక్కు ఆయనే. ఆయన చెయ్యెత్తగానే డప్పులు ఆగాయి.

"పెండ్లింటి మీద పడవేంది? నీళ్ళ మీది సరుకు, ఎప్పుడు మునుగుతదో తెల్వది. నాకు శకునం మంచిగనిపిస్తలేదు. దాని మీద సున్నం కొట్టున్రి. అప్పుడే లోపలికొస్తం."

ఎదురు మాట్లాడితే పెళ్ళి ఎటుపోతుందోనన్న భయం అత్త మొహంలో నేను మొదటిసారి చూశాను. నాన్న అప్పటికే సున్నం బకెట్టు తెచ్చేశారు. "నేనే కొట్టేస్తానండి. బొమ్మదేముంది, పెళ్ళి ముఖ్యం" అంటున్నారు గానీ, కుంచె పట్టుకున్న చెయ్యి మాత్రం బకెట్టులోకి వంగడం లేదు. అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది. అంతలో లోపలినుంచి, మొహం నిండా పసుపుతో, బాసికం కూడా ఇంకా కట్టకుండానే సరోజక్క గుమ్మంలోకి వచ్చింది. ఎవరి ముందూ గొంతెత్తని పిల్ల.

"మునుగుతదని మీకెందుకు పెద్దమామా భయం? ఎక్కేది నేను గద."

ముందు నవ్వింది పెళ్ళికొడుకే. నవ్వడం కాదు, పగలబడ్డాడు. "నేను గూడ ఎక్కుతున్న పెదనాయనా. నాకు ఈత వస్తది తియ్యి. ఫికర్ చెయ్యకు" అన్నాడు. డప్పులవాళ్ళు నవ్వారు, లారీ డ్రైవరు నవ్వాడు, చివరికి పెదనాయన మీసాలు కూడా కదిలాయి. "ఇద్దరు గిట్ల ఒక్కటైనంక ఇగ నాదేమున్నది!" అని ఆయనే డప్పులకు సైగ చేశాడు. నాన్న బకెట్టు అక్కడే పెట్టేసి ఇంటి వెనక్కి వెళ్ళారు. కళ్ళలో సున్నం పడిందని చెప్పారు అమ్మతో. ఫొటో దగ్గరికి వచ్చేసరికి పడవ ముందే తీయించుకుంటామని పట్టుబట్టిందీ పెదనాయనే. తీరా వచ్చి దానికి అడ్డంగా నిలబడిందీ ఆయనే.

ఆ తర్వాత మా ఇంటికి వేరే చిరునామా అక్కర్లేకపోయింది. పోస్ట్‌మాన్, పాలకు వచ్చేవాళ్ళు, బస్సు కండక్టరు, అందరికీ అది పడవ ఇల్లు. చుట్టుపక్కల పెళ్ళి కుదిరినవాళ్ళు వచ్చి "అన్నా, మా గోడ మీద గూడ ఒకటి" అని నాన్నను తీసుకుపోయేవారు. సముద్రానికి ఇంత దూరాన, ఒక్క తెరచాప ఎగరని నేల మీద, ఆ రెండు మూడేళ్ళూ సందుకో పడవ తిరిగింది. నాన్నకు వెళ్ళిపోవాలనిపించలేదు. గీసినకొద్దీ ఇక్కడివాడైపోయారు.

ఇప్పుడు మూసాపేటలో ఆ ఇల్లు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందుభాగం పోయింది, మిగిలింది తర్వాత పోయింది. మెట్రో దిగి నడుస్తుంటే ఎక్కడ మా గుమ్మం ఉండేదో నేనూ సరిగ్గా చెప్పలేను. అక్కడివాళ్ళు పిల్లర్ నంబరు చెబుతారు, మేము ఫోన్లో లొకేషన్ పంపుకుంటాం, ఎవరూ దారి తప్పరు. అప్పుడు దారి తప్పినవాళ్ళే ఎక్కువ, తప్పినప్పుడల్లా ఎవరింట్లోనో మజ్జిగ తాగేవారు. మా అపార్ట్‌మెంటులో కారిడార్ గోడ మీద ఏమీ గీయకూడదని నియమం. పక్క ఫ్లాటులో ఉండే ఇరవై ఏళ్ళ పిల్లలు తలుపుకు స్టిక్కరు అంటించి, దానికే జరిమానా కట్టారు. అలాగని ఆ రోజులే బంగారం అనను. బిందెలు మోసిన భుజం నొప్పి నాకింకా గుర్తుంది. ఈ లిఫ్టును చూస్తే బాలమణత్త పైకీ కిందికీ తిరుగుతూనే ఉండేది. ఈమధ్య మా అమ్మాయి వాళ్ళ హైటెక్ సిటీ ఆఫీసులో కుటుంబాలను పిలిచారు. అద్దాల హాల్లో రెండంతస్తుల ఎత్తున తెరచాప పడవ చిత్రం వేలాడదీశారు. అందరూ స్నాక్స్ దగ్గరికి వెళ్తుంటే నేను మాత్రం మెడ ఎత్తి జెండా వైపు, తెరచాప వైపు మార్చి మార్చి చూశాను. గాలి సరిగ్గానే ఉంది. నాకు కాస్త నిరాశ కలిగిన మాట వాస్తవం.

నాన్న లేరు, అత్త లేదు. వాళ్ళిద్దరినీ తలుచుకున్నప్పుడు నాకు ఇష్టంగా గుర్తొచ్చేది పెళ్ళి కూడా కాదు, ఆ పెళ్ళి తర్వాతి వేసవి. కూతురు అత్తారింటికి వెళ్ళాక బాలమణత్త గొంతు తగ్గిపోయింది. బర్రెలను కూడా తిట్టడం మానేసింది. అమ్మకు భయం వేసి నాన్నతో అంది. సెలవులకు మేం ఊరికి బయల్దేరుతుంటే నాన్న "మీరూ రండి అక్కగారూ, బొమ్మ చూశారు గదా, అసలుది చూద్దురుగాని" అన్నారు. సరోజక్కా బావా వచ్చి బర్రెల పని మీదేసుకున్నారు. అత్త జొన్నపిండి మూట కట్టుకుని, మీ అన్నాలు నాకు ఆనవని ముందే హెచ్చరించి రైలెక్కింది.

తాతయ్య చేతికింద అప్పటికి ఒక్క పడవే మిగిలింది, ఎండుగడ్డి మోసేది. అత్త ఒడ్డున నిలబడి దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తెరచాప మీద అతుకులు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. "తమ్మీ, నీ బొమ్మే మంచిగుండె" అంది. అయినా ఎక్కింది. అమ్మ చెయ్యి విరిచేసేంత గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. తాతయ్య తాడు వదిలారు. గుడ్డ ఒక్కసారి టపటపా కొట్టుకుని, నిండుగా ఉబ్బి, చప్పుడు మానేసింది. పడవ కదిలింది. కాసేపటికి అత్త ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. ఒడ్డు వెనక్కి పోతోంది. అమ్మ చెయ్యి వదిలేసి, చుట్టూ చూసి, చుక్కాని దగ్గరున్న తాతయ్యను అడిగింది.

"పెద్దాయనా, ఇంజనేది దీనికి?"

"ఇంజనెక్కడిదమ్మా, గాలే."

"మరి గాలికి కిరాయి ఎవలకిస్తరు?"

"ఎవరికీ ఇవ్వక్కర్లేదమ్మా."

కిరాయి ఇళ్ళ ఇంటావిడ ముఖం మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుని, కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంది.

"అట్లయితే ఇంకింత దూరం పోనియ్యి" అంది.